పొరుగుదేశం పండగ

శ్రీకాకుళం జిల్లాలో మా కోటబొమ్మాళి చుట్టుపక్కల ఆ రోజుల్లో తెల్లగా కనబడ్డ ప్రతి మనిషీ అమెరికా మనిషే. అరవయ్యారులో వానలు ఎగ్గొట్టి, చేలు బీటలు తీసి, జనం గంజికి మొహం వాచి ఉన్నప్పుడు బస్తాల్లో గోధుమలు దిగాయి. గోధుమలు అమెరికావి. పాలపొడి అమెరికాది. కాబట్టి మిషన్ బంగళాలో దొరసాని కూడా అమెరికాదే. ఇంతకన్నా రుజువు ఎవరికి కావాలి?

ఆ దొరసానికి మాత్రం ఒళ్లు మండేది. ఎడిత్ మిస్సమ్మ అనేవాళ్లం ఆవిడని. ఆడవాళ్లకీ పసిపిల్లలకీ మందులిచ్చే నర్సు. ఎవరు ఆ మాటన్నా సూది పక్కన పెట్టి మరీ సరిదిద్దేది. "అమెరికా కాదు నాయనా. కెనడా. అది వేరే దేశం." "అలగేనమ్మా" అని బుద్ధిగా తలూపి, గుమ్మం దాటగానే, "అమెరికా దొరసాని సెయ్యి మంచిదే, సూది పొడిసినట్టే తెలీనేదు" అని చెప్పుకుంటూ పోయేవారు. నేను బంగళా పక్కనే మిషన్ ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. నడుమెత్తు గోడ మీంచి ఈ తంతు రోజూ చూసి నవ్వుకునేదాన్ని.

నేను చెప్పబోయేది దొరసాని కథ కాదు. ఆవిడ వంటమనిషి జ్ఞానసుందరి కథ.

జ్ఞానసుందరి పుట్టింది విజయనగరం అవతల, భోగాపురం దగ్గర. మా మిషన్ గుడి గంట కొట్టే ఆదామును కట్టుకుని ఇటు వచ్చింది. పిల్లలు లేరు. ఆదాము పోయి చాలా కాలమైంది. వచ్చి ముప్పై ఏళ్లు దాటినా ఊళ్లో ఆవిడ ఇంకా 'ఇజీనగరపు మనిషే'. కూరలో ఆవ ఘాటెక్కినా, మాట కాస్త సాగదీసినా, "ఇజీనగరపోళ్లు అలగే సేస్తారు" అనేవారు. సరే, అదేదో పుట్టినూరు కదా అని ఒకసారి తమ్ముడి కూతురి పెళ్లికి భోగాపురం వెళ్లింది. అక్కడ మరదలు పదిమందిలో, "సికాకులం ఒదిన వొచ్చినాది, మన తిండి ఆయమ్మకి పడతాదో నేదో" అంది. రెంటికీ చెడ్డ రేవడినయిపోయానని పెళ్లి పూర్తి కాకుండానే రైలెక్కేసింది. మళ్లీ అటు వెళ్లలేదు.

ఆ తర్వాత ఆవిడకి లోకమంటే బంగళా, బంగళా అంటే మిస్సమ్మ. పగలంతా ఎవరి పని వాళ్లది. సాయంత్రం మిస్సమ్మ వరండాలో పేము కుర్చీలో కూర్చునేది, జ్ఞానసుందరి కింద మెట్టు మీద. ఒక్కోనాడు మాటలుండేవి, ఒక్కోనాడు ఉండేవి కావు. మిస్సమ్మతో పాటు బల్ల దగ్గర కూర్చుని తినడం మాత్రం ఎన్నడూ లేదు. మొదట్లో ఆవిడ పిలిచేది, ఈవిడ చెవులు మూసుకునేది. దొరసాని ఎదుట ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆవిడకి సిగ్గూ, తప్పూ కూడా. పిలిచి పిలిచి మిస్సమ్మే మానేసింది.

వాళ్లిద్దరికీ కలిసిన చోటు వంటగది ఒక్కటే. కిరసనాయిలు డబ్బాకి కిందా పైనా బొగ్గులు పేర్చి కేకులు కాల్చడం మిస్సమ్మే నేర్పింది. అందులో ఒకటి వాళ్ల ఊరి పిండివంట. వెన్న కలిపిన పిండితో చిన్న గిన్నెలు చేసి, లోపల పాకమూ ఎండుద్రాక్షా పోసి కాలుస్తారు. జ్ఞానసుందరి దానికి 'మూత లేని కజ్జికాయ' అని పేరు పెట్టింది. పాకానికి మా తాటిబెల్లమే సరిపోయింది. మొదటిసారి అది నోట్లో పెట్టుకుని మిస్సమ్మ కళ్లు మూసుకుందట. మా దేశంలోనూ చెట్టుకి గాటు పెట్టి, కారిన నీళ్లు పట్టి, కాచి పాకం చేస్తారని చెప్పిందట.

"అయ్‌బాబోయ్, మీ అమ్మా నాన్నా కల్లు గీసీవోరా అమ్మా?" అంది జ్ఞానసుందరి. కల్లు మాట వింటేనే చెంపలు వేసుకునే మిషన్ దొరసాని పొట్ట పట్టుకుని నవ్వింది. మిస్సమ్మ అంతలా నవ్వడం తను అదొక్కసారే చూశానని జ్ఞానసుందరి చెప్పేది.

అరవయ్యేడు ఎండాకాలంలో పిడుగులాంటి మాట పడింది. మిస్సమ్మకి వయసు మీరింది. ఏడాది చివర ఇంటికి వచ్చేస్తావా, ఇంకో రెండేళ్లు ఉంటావా అని మిషన్ పెద్దలు అడిగారు. వానలు తగ్గేలోగా చెప్పమన్నారు. ఆ సాయంత్రం వరండాలో మిస్సమ్మ దాచకుండా చెప్పింది.

"ఏటి సెప్తారమ్మా మరి?"

"తెలియదు, జ్ఞానసుందరీ. నా భాషలో ఎవరితోనైనా కూర్చుని నవ్వి ఎన్నేళ్లయిందో."

మర్నాడు గోడ దగ్గరకు వచ్చిన జ్ఞానసుందరి మొహం పీక్కుపోయి ఉంది. "ఆయమ్మ ఎల్లిపోతే నాకెవురున్నారు పంతులమ్మా? నానెక్కడికెల్తాను? ఇటు నన్నెవురు రమ్మంటారు, అటు నన్నెవురు ఉండమంటారు?" అంది. పిల్లలు లోపల ఎక్కాలు అరుస్తున్నారు, నేను లోపలికి వెళ్లిపోయాను.

సరిగ్గా అప్పుడే వాల్టర్ దిగాడు.

పీస్ కోర్ అని, అమెరికా సర్కారు పల్లెల్లో పనికి పంపే దళం కుర్రాడు. అసలు సిసలు అమెరికా వాడు. జనానికి తెల్ల కోళ్లు పెంచడం నేర్పడానికి వచ్చి, బంగళా గోడకి అవతల కిరాణా కొట్టు అప్పలసూరి ఇంట్లో వెనక భాగం అద్దెకు తీసుకున్నాడు. పొడుగ్గా, ఎర్రగా, నవ్వుతూ ఉండేవాడు. పుస్తకంలో నేర్చుకున్న తెలుగు మాట్లాడేవాడు. ఊరు వాడికి 'కోళ్ల దొర' అని పేరు పెట్టేసింది. ఆ కోళ్లు గుడ్లు పెడతాయి గాని పొదగవు. మా ఆడవాళ్లు అవి చూసి, "పెట్టీసి ఎల్లిపోతాది, ఇదేం తల్లి!" అని బుగ్గలు నొక్కుకున్నారు.

జ్ఞానసుందరికి మాత్రం దేవుడు దిగివచ్చినట్టే అయింది. "సూసినావా? ఆయమ్మ ఊరి గుంటడే వొచ్చీసినాడు. మాటకి మాట, నవ్వుకి నవ్వు. ఇంకెందుకెల్తాది?"

"ఆయమ్మది కెనడా, అతనిది అమెరికా" అన్నాను.

"ఏటి పంతులమ్మా, అమెరికా జిల్లా అయితే కెనడా తాలూకా. అంతే గదా" అని నా నోరు మూయించింది.

మొదటి టీకి నన్నూ పిలిచారు. వాల్టర్ చెయ్యి చాచుకుంటూ వచ్చాడు. తనది మిషిగన్, ఆవిడది ఒంటారియో, మధ్య ఒక్క సరస్సే అడ్డం, మనం ఇరుగుపొరుగు వాళ్లం అన్నాడు. చిన్నప్పుడు నాన్నతో చేపలు పట్టడానికి అటు వెళ్లేవాడట. "అసలు సరిహద్దు దాటినట్టే తెలియదు" అన్నాడు మురిసిపోతూ.

"దాటినట్టు మాకు తెలుస్తుంది" అంది మిస్సమ్మ, టీ పోస్తూ.

వాడు అది హాస్యమనుకుని గట్టిగా నవ్వాడు. ఆవిడ మర్యాదకి పెదవులు సాగదీసింది. ఇంగ్లీషు రాని జ్ఞానసుందరి గుమ్మంలో నిలబడి, వాడి నవ్వు చూసి, నాకు కళ్లతోనే సైగ చేసింది. చుట్టాలు కలిశారని ఆవిడ లెక్క.

తర్వాత మిస్సమ్మ నాతో అంది: "ఆ అబ్బాయి మంచివాడే. కాని గట్టిగా మాట్లాడతాడు, అడక్కుండా పేరు పెట్టి పిలుస్తాడు, మా రాజధాని ఏదో కూడా తెలియదు. వాళ్ల రాష్ట్రాల పేర్లన్నీ మేం బళ్లో అప్పచెప్పేవాళ్లం." ఇంకో రోజు వాల్టర్ కోళ్లకి నూకలు చల్లుతూ నన్నడిగాడు: "టీచరుగారూ, ఆవిడకు నా మీద కోపం ఎందుకండీ? మాకు కెనడా వాళ్లంటే ఇష్టమే. వాళ్లు అచ్చం మాలాంటివాళ్లే."

వాడు ప్రేమగానే అన్నాడు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గాని, మీ కూరా మా కూరా ఒకటే అంటే ఎవరికి రుచిస్తుంది? గుంటూరు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒకాయన, "మీ అటేపు వాళ్లందరూ ఒకటే కదమ్మా" అన్నప్పుడు నాకూ చాక్‌పీసు విసిరికొట్టాలనిపించింది. పెద్ద ఇంటివాడికి పక్కింటి పూరిల్లు కనబడదు. పూరింటివాడికి పొద్దున్న తలుపు తీస్తే పెద్దిల్లే కనబడుతుంది. ఇందులో ఇద్దరి తప్పూ లేదు, అయినా కడుపు మండక మానదు.

జూన్ చివర్లో జ్ఞానసుందరి గుడ్లకని వెళ్లి వాల్టర్‌తో మాట కలిపింది. తర్వాత నాకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"మీ దేశంలో పండగలేటి బాబూ?"

"జూలై నాలుగో తేదీ మా దేశానికి పుట్టినరోజు. చాలా పెద్ద పండుగ."

"మా మిస్సమ్మకీ అదే పండగా?"

వాడు ఒక్క క్షణం ఆలోచించాడట. "వాళ్లకు కూడా జూలైలోనే ఏదో ఉంది. దాదాపు అదే అనుకుంటాను" అన్నాడట.

అంతే. ఇంక ఆవిడని పట్టేవాళ్లు లేరు. మిస్సమ్మకి తెలియకుండా ఆ రోజు పండగ చెయ్యాలి. కోళ్ల దొరని బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఇక్కడా తనకి తనవాళ్లున్నారని మిస్సమ్మ కళ్లారా చూడాలి, ఉండిపోతానని పెద్దలకి చెప్పాలి. పొందూరు నేత బట్ట ఒకటి పెట్టె అడుగున దాచుకుంది, తను పోయినప్పుడు కప్పడానికని. అది తీసి ఉతికి, గంజి పెట్టి, బల్ల మీదకి సిద్ధం చేసింది.

ఆ హడావిడిలో ఒకటో తారీఖు వచ్చింది. శనివారం. మిస్సమ్మ పొద్దున్నే నీలం గౌను వేసుకుంది, క్రిస్మస్‌కి తప్ప బయటికి తియ్యనిది. మెడ దగ్గర వెండి పిన్ను పెట్టుకుంది. మూత లేని కజ్జికాయలు చెయ్యమంది. జ్ఞానసుందరి చేసి, పళ్లెంలో పెట్టి తీసుకెళ్లింది. బల్ల మీద రెండు పళ్లేలున్నాయి.

"ఈ పూట నాతో కూర్చుని తిను, జ్ఞానసుందరీ. ఒక్క పూట."

"నానా! బోలెడు పనున్నాదమ్మా, ఇప్పుడు కాదు" అని ఈవిడ బేగి బేగి వాల్టర్ ఇంటికి వెళ్లిపోయింది, మంగళవారానికి ఏ కోడిని కొయ్యాలో చూసుకోవడానికి.

ఆ మధ్యాహ్నం గోడ ఇవతల నాకు రేడియో గరగర వినబడుతూనే ఉంది. మిస్సమ్మ ముల్లు తిప్పుతూ ఏదో స్టేషను కోసం వెతుకుతోంది. ఎక్కడా ఏదీ నిలబడలేదు.

నాలుగో తారీఖున నన్నూ పిలిచింది జ్ఞానసుందరి. బల్ల మీద పొందూరు బట్ట మల్లెపువ్వులా ఉంది. వేయించిన కోడి, ఉడకబెట్టిన దుంపలు, వెనక కజ్జికాయలు. నడిమధ్య ఒక జామకాయలో వాల్టర్ ఇచ్చిన కాగితం జెండా గుచ్చి ఉంది, చుక్కలూ చారలూ ఉన్నది. వాల్టర్ టై కట్టుకుని వచ్చాడు. జ్ఞానసుందరి తల తడిపి దువ్వుకుని, గోడకి ఆనుకుని నిలబడి, మిస్సమ్మ వచ్చే దారి చూస్తోంది. ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

మిస్సమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బల్ల చూసింది. జెండా చూసింది. కూర్చుని ప్రార్థన చేసింది, పొరుగువారి కోసం కూడా. కోడి బాగుందంది. అంతా అయ్యాక వాల్టర్ వైపు తిరిగి, "మీ దేశానికి శుభాకాంక్షలు" అంది ఇంగ్లీషులో.

"మీకూనండీ!" అన్నాడు వాడు.

మిస్సమ్మ చెంచా కింద పెట్టింది. ఈసారి తెలుగులో, నెమ్మదిగా అంది. "జ్ఞానసుందరీ, ఇది మా పండగ కాదు. మా పండగ మొన్న శనివారం వెళ్లిపోయింది. ఆ రోజుకి మా దేశానికి నూరేళ్లు నిండాయి. అందుకే నిన్ను కూర్చోమన్నాను."

వాల్టర్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాడు.

"నువ్వు అడగలేదు కదా నాయనా."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. ఊరందరూ ఏ పేరైనా పెట్టుకోనీ, నువ్వు కూడానా అన్నట్టు జ్ఞానసుందరి వైపు ఒక్కసారి చూసి, లేచి తన గదిలోకి వెళ్లిపోయింది.

నేను వంటగదిలోకి వెళ్లేసరికి జ్ఞానసుందరి పొయ్యి దగ్గర చతికిలబడి ఉంది. "ఇక్కడోళ్లు నన్ను ఇజీనగరపు మనిసన్నారు, అక్కడోళ్లు సికాకులం మనిసన్నారు. ఆ మంట ఎలగుంటాదో నాకు తెలీదేటి? తెలిసి తెలిసి నానే ఆయమ్మ బల్ల మీద ఇంకోళ్ల జెండా గుచ్చీసినాను. రమ్మన్ననాడు కూకోకపోతిని!" అని నెత్తి కొట్టుకుంది. నాకు ఆవిడ మీద జాలేసింది, మిస్సమ్మ మీద కోపమొచ్చింది, ఆ కోపం నిలవలేదు.

మర్నాడు పొద్దున్న టీ పళ్లెం పట్టుకెళ్లి, "ఈయాల కూకుంటానమ్మా" అందట జ్ఞానసుందరి. మిస్సమ్మ ఆవిడ చెయ్యి నిమిరి, "పండగ దాటిపోయింది కదా" అందట. ఆ వారంలోనే పెద్దలకి కబురు వెళ్లింది, వచ్చేస్తున్నానని.

జెండా వల్ల కాదని మిస్సమ్మ నాతో ఒట్టేసి చెప్పింది. "నేనెవరినో ఎవరికీ చెప్పనక్కర్లేని చోట కొన్నాళ్లు ఉండాలనిపించింది, టీచరమ్మా. అంతే" అంది. నేను నమ్మాను. జ్ఞానసుందరికి ఆ మాటే చెబితే ఆవిడ నమ్మలేదు.

నవంబరులో కోటబొమ్మాళి స్టేషనులో రైలెక్కించాం. వాల్టర్ ట్రంకుపెట్టె మోశాడు. జ్ఞానసుందరి డబ్బా నిండా కజ్జికాయలు కట్టి ఇచ్చింది. పక్కన గంప దించుకుని కూర్చున్న ఒకామె, "అమెరికా దొరసాని ఎల్లిపోతన్నాదట" అంది ఎవరితోనో. "అమెరికా కాదే, కెనడా! అది ఏరే దేశం!" అని జ్ఞానసుందరి ఆమె మీద విరుచుకుపడింది. కిటికీలోంచి మిస్సమ్మ విని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. రైలు కదులుతుంటే వాల్టర్‌తో, "ఆమెను చూస్తూ ఉండు. ఇంక పొరుగువాడివి నువ్వే" అంది.

బంగళాకి తాళం పడింది. ఇంకో దొరో దొరసానో వచ్చేదాకా చూసుకోమని జ్ఞానసుందరికి తాళంచెవి ఇచ్చారు. పొద్దున్నే తలుపులు తీసి, ఎవరూ నడవని గదులు ఊడ్చి, పేము కుర్చీ దులిపి, మళ్లీ తాళం వేసేది. సాయంత్రం అదే మెట్టు మీద కూర్చునేది. పైన కుర్చీ ఖాళీ. ఆ కుర్చీలో కూర్చోవచ్చు కదా అంటే, "ఆయమ్మది" అనేది. గోడ దగ్గరకి రావడం తగ్గించింది. నేనే పిలిచినా ఊ, ఆ అని లోపలికి వెళ్లిపోయేది. మనిషి అలా చూస్తుండగానే తగ్గిపోయింది.

మరుసటి ఏడు జూలై ఒకటిన బడి వదిలాక గోడ అవతల నుంచి కాలుతున్న బెల్లం వాసన వచ్చింది. చాలా నెలలకి ఆ వాసన. కాసేపటికి జ్ఞానసుందరి పళ్లెం పట్టుకుని వాల్టర్ ఇంటి వైపు వెళ్తూ, నన్నూ రమ్మంది. వాల్టర్ వెళ్లిపోయే రోజులు దగ్గరపడి కోళ్ల గూళ్లు ఎవరికో అప్పగిస్తున్నాడు.

"తిను బాబూ. ఈయాల పండగ."

"ఏ పండుగ అమ్మా?"

"మీ పొరుగోళ్ల పండగ. ఈసారన్నా గురుతెట్టుకో."

వాడికి వెలిగింది. తల వంచుకుని పళ్లెం అందుకుని మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. జ్ఞానసుందరి వాడి పక్కన అదే మెట్టు మీద కూర్చుని, ఒక కజ్జికాయ తీసి, వాడి ఎదుటే కొరికింది. నేనూ ఒకటి అందుకున్నాను.

"పోయిన వారమే ఆవిడ కార్డు నాకు అందింది" అన్నాడు వాల్టర్. "మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు. బాగానే ఉన్నారట. కాని వాళ్ల ఊరు చాలా మారిపోయిందట, తెలిసినవాళ్లు ఎవరూ లేరట. వీధిలో పిల్లలకు ఆవిడ పేరు తెలియదు. అందరూ ఆవిడను 'ఇండియా ముసలమ్మ' అంటున్నారట."

జ్ఞానసుందరి నములుతున్నది ఆపేసింది. వాల్టర్ నవ్వుతూనే చెప్పాడు, కార్డులో ఆవిడ కూడా నవ్వుతూనే రాసి ఉంటుంది. జ్ఞానసుందరికి నవ్వు రాలేదు. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

"అయ్యో నా తల్లీ! అక్కడా నీకు ఊరు నేకపోనాదా!" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. వాడి మోచెయ్యి పట్టుకుని అడిగింది. "ఈయాల పండగ గదా బాబూ. ఆయమ్మ ఎవుర్ని పిలిసినాదో. పిలిస్తే ఎవురైనా కూకున్నారో, నేదో."

పళ్లెంలో ఇంకా రెండు కజ్జికాయలున్నాయి, ఎవరమూ వాటి మీద చెయ్యి వెయ్యలేదు.